లక్ష్యం లేని పిల్ల

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. జనవరిలో బడి తెరవగానే వాళ్ల టీచరు ఒక కాగితం ఇచ్చి, ఈ ఏడాదికి మూడు గోల్స్ రాసుకురమ్మన్నారు. ఈత నేర్చుకోవడం, ఎక్కాలు అప్పజెప్పడం, తమ్ముడితో పోట్లాడకపోవడం అని రాసుకెళ్లింది. అందరి కాగితాలూ క్లాసు గోడకి అంటించారు. ఆ శనివారమే తెలుగు క్లాసులో 'నా లక్ష్యం' మీద ఐదు వాక్యాలు రాయమన్నారు. "అమ్మా, గోల్ అంటే లక్ష్యమేనా?" అని అడిగింది. అవునన్నాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, అంటే తెనాలిలో రాత్రి ఏడున్నరకి, మా అమ్మ వీడియో కాల్ చేసింది. మూడుసార్లు పిలిచినా ఇది బొమ్మ వేసుకుంటూ తలెత్తలేదు. "పిలిస్తే పలకదేమే? దీనికి బొత్తిగా లక్ష్యం లేదు" అంది అమ్మ. పిల్ల చటుక్కున తలెత్తింది. "ఉంది! నాకు మూడున్నాయి. గోడకి కూడా అంటించారు" అంది ఉక్రోషంగా. అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు నవ్వు ఆగలేదు.

నవ్వయ్యాక ఆలోచనలో పడ్డాను. నేను చెప్పింది పేపర్ల తెలుగు, అమ్మ అన్నది ఇంట్లో తెలుగు. ఇంట్లో లక్ష్యం అంటే ఖాతరు. "పెద్దల మాటంటే లక్ష్యం లేదు", "చలిని కూడా లక్ష్యపెట్టకుండా తిరుగుతాడు" అంటాం. నిర్లక్ష్యంలో ఉన్నదీ ఈ లక్ష్యమే. నిర్లక్ష్యంగా బండి నడిపేవాడికి ఎక్కడికెళ్లాలో బాగానే తెలుసు, పక్కన నడిచేవాళ్ల మీదే వాడికి చూపు ఉండదు. సంస్కృతంలో 'లక్ష్' ధాతువుకి చూడటం, గమనించడం అనే అర్థాలున్నాయి. లక్షణం అనే మాట కూడా అక్కణ్నుంచే వచ్చింది. ముందు చూపు, తర్వాతే బాణం. మేం మాత్రం పిల్లలకి బాణం సంగతి చెప్పి చూపు సంగతి వదిలేశాం.

అచ్చతెలుగు మాట గురి కూడా ఇలాంటిదే. రాయి విసిరేటప్పుడు గురి చూస్తాం. కానీ మా నాన్న "ఆ డాక్టరు మీద నాకు గురి" అంటే నమ్మకం అని. రోజూ వందసార్లు వాడే 'గురించి'లో కూడా గురే ఉంది. ఈ మాట చెబితే పిల్ల కాసేపు ఆలోచించి, "అయితే నువ్వు ఫోన్‌లో నా గురించి మాట్లాడుతుంటే నాకు గురి పెట్టినట్టా?" అంది. ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పలేదు.

వాళ్ల తమ్ముడి సంగతి ఇంకోటి. వాడికి నాలుగేళ్లు. తెలుగులో వాడికి బాగా వచ్చిన మాట 'కావాలి'. ఒకరోజు గ్లాసెడు పాలు కార్పెట్ మీద ఒలికాయి. "కావాలని పారబోశావా?" అని గద్దించాను. వాడు తల అడ్డంగా ఊపి, "ఊహూ, నాకొద్దు" అన్నాడు. పాలు కావాలా అని అడిగాననుకున్నాడు పాపం. కోరుకోవడానికీ బుద్ధిపూర్వకంగా చేయడానికీ మనం ఒకే మాట వాడతామని ముప్పై ఆరేళ్లలో నాకు ఎప్పుడూ తట్టలేదు. వాడు అనాల్సిన మాట 'చూసుకోలేదు'. దాన్ని నేర్పాను. ఇప్పుడు అక్కని గిల్లి మరీ "చూసుకోలేదు" అంటున్నాడు.

ఆశయం, ధ్యేయం జోలికి నేను పోలేదు. ధ్యేయం నాయకుల ఫ్లెక్సీల మీద ఉంటుంది. ఆశయమైతే మన దగ్గర చనిపోయినవాళ్లకే ఎక్కువగా ఉంటుంది. వర్ధంతి రోజున "వారి ఆశయాలను కొనసాగిద్దాం" అంటాం కదా. తొమ్మిదేళ్ల పిల్లకి ఆ బరువెందుకు?

అసలు నాకు ఇబ్బందిగా అనిపించింది ఆ గోడ. చేయబోయే పనిని రాసి పదిమందీ చూసేలా అంటించడం మా ఇంటి పద్ధతికి పూర్తిగా ఎదురు. బయల్దేరేవాళ్లని మా ఇంట్లో "ఎక్కడికి?" అని అడగరు. అడిగితే వెళ్లిన పని కాదంటారు. "ఎందాకా?" అనాలి. నాన్న ఓసారి పొలం రిజిస్ట్రేషన్‌కి వెళ్తుంటే గుమ్మంలో నేను "ఎక్కడికి నాన్నా?" అన్నాను. ఆయన చెప్పులు విడిచి, లోపలికొచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాడు. అలాంటి ఇంట్లోంచి వచ్చి, ఇక్కడ మొదటి ఇంటర్వ్యూలో "ఐదేళ్ల తర్వాత మీరు ఎక్కడ ఉంటారు?" అని అడిగితే నోరు పెగల్లేదు. దేవుడికే తెలియాలి అనుకున్నాను, పైకి ఏదో అన్నాను. ఆ ఉద్యోగం రాలేదు.

మనం అనుకున్నది గట్టిగా, పూర్తి వివరాలతో చెప్పే చోటు ఒకటుంది, పూజలో సంకల్పం. ఏ ద్వీపం, ఏ ఖండం, ఏ సంవత్సరం, ఏ తిథి, ఏ గోత్రం, దేనికోసం... అన్నీ చెప్పాకే పూజ మొదలవుతుంది. తెనాలిలో జంబూద్వీపే, భరతవర్షే అని వింటూ పెరిగాను. ఇక్కడి పంతులుగారు క్రౌంచద్వీపే అంటారు. వినాయక చవితికి ఇదంతా విని మా అమ్మాయి, "డెలివరీకి అడ్రస్ ఇస్తున్నారా?" అని నా చెవిలో అడిగింది. అంతకంటే బాగా నేను చెప్పలేను. కాకపోతే అక్కడ కూడా వినేది దేవుడు, గోడకి ఎవరూ అంటించరు.

ఇంతకీ ఆ ఐదు వాక్యాలు. వారమంతా ఇంట్లో విన్న మాటలన్నీ కలిపి తనే రాసింది. మొదటి వాక్యం: "అన్నీ కుదిరితే ఈ ఏడాది ఈత నేర్చుకుందామనుకుంటున్నాను." తెలుగు టీచరు 'అన్నీ కుదిరితే' కొట్టేసి, చివర 'నేర్చుకుంటాను' అని ఎర్ర సిరాతో దిద్దారు. లక్ష్యం స్పష్టంగా ఉండాలి అని పక్కన రాశారు. పిల్ల మొహం చిన్నబోయింది. ఆ ఆదివారం కాగితం అమ్మకి ఫోన్‌లో చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని, కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివింది.

"పిల్ల సరిగ్గానే రాసిందిగా" అంది. "అది ఈత కదే, నీళ్లు కూడా ఒప్పుకోవాలిగా?"