పెన్సిలు చివరి రబ్బరు ముక్క

పూర్వ విద్యార్థుల సంచిక అనగానే హాస్టలు, క్యాంటీను, ఆఖరి రోజు ఏడుపులు రాయడం రివాజు. అవి బాగా రాసేవాళ్లు వేరే ఉన్నారు. ఇది మేధోహక్కుల్లో ఎల్‌ఎల్‌ఎం చదువు గురించి మాత్రమే. కొత్తగా చేరబోయేవాళ్ల చేతికి ఈ సంచిక వెళ్తుంది కాబట్టి, కొంచెం పనికొచ్చే విషయాలే రాస్తాను. ఏ బ్యాచ్‌ని చూసినా తడబడేది రెండు చోట్ల: తేదీ దగ్గర, మాట దగ్గర. తీర్పుల పేర్లు వంద నోటికొచ్చినా ఈ రెండూ పట్టుబడకపోతే ప్రాబ్లం ప్రశ్నలో మార్కులు రాలవు.

మొదట మాట సంగతి. 1858 మార్చి 30న హైమన్ లిప్‌మన్ అనే ఆయనకు అమెరికాలో 19,783 నంబరు పేటెంటు వచ్చింది, పెన్సిలుకు రబ్బరు జోడించినందుకు. మనకు అలవాటైన లోహపు పట్టీ అందులో లేదు. పెన్సిలు పొడవులో సుమారు నాలుగో వంతు సీసం లేకుండా వదిలేయాలి. అక్కడ గాడి తీసి, రబ్బరు దూర్చి, ఒక అంచున జిగురుతో అంటించాలి. ఒక చివర చెక్కితే సీసం బయటపడుతుంది, రెండో చివర చెక్కితే రబ్బరు. క్లెయిమ్ (పేటెంటులో హక్కు హద్దులు చెప్పే వాక్యం) రాయడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి వస్తువు దొరకదు. సైన్సు చదవనివాళ్లు బెదరరు, ఇంజనీరింగ్ చేసి వచ్చినవాళ్లకి గొప్పలు పోవడానికి చోటుండదు.

దీనికి క్లెయిమ్ రాయమంటే మొదటి ప్రయత్నం దాదాపు అందరిదీ ఇలాగే ఉంటుంది: "ఆరు పలకల చెక్క తొడుగు, దాని మధ్యలో గ్రాఫైటు పుల్ల, రెండో చివర గాడిలో జిగురుతో అంటించిన ఎర్ర రబ్బరు ముక్క కలిగిన పెన్సిలు." చదవడానికి బాగానే ఉంది. ఇప్పుడు షరతులు లెక్కపెట్టండి. ఆరు పలకలు, చెక్క, గ్రాఫైటు, గాడి, జిగురు, ఎరుపు, రబ్బరు: ఏడు. ఉల్లంఘన జరిగిందనాలంటే ఈ ఏడూ ఎదుటివాడి వస్తువులో కనిపించాలి. వాడు గుండ్రటి పెన్సిలు చేస్తే తప్పించుకున్నట్టే. తెల్ల రబ్బరు పెట్టినా అంతే. వస్తువుని వర్ణించడం వేరు, హద్దు గీయడం వేరు. వర్ణన స్పెసిఫికేషన్‌లో (ఆవిష్కరణను వివరించే భాగంలో) ఎంత విపులంగా ఉంటే అంత మంచిది. క్లెయిమ్‌లో మాత్రం ఎక్కువైన ప్రతి విశేషణమూ కంచెని ఒక అడుగు లోపలికి జరుపుతుంది.

ఇది అర్థమయ్యాక రెండో ప్రయత్నంలో అటువైపు దూకుతారు: "రాసే పదార్థమూ, ఆ రాతను చెరిపే పదార్థమూ ఉన్న సాధనం." ఇప్పుడు కంచె ఊరంతా కప్పేసింది. ఈ రెండింటినీ కలిపి చూపిన పాత కాగితం ప్రపంచంలో ఎక్కడున్నా, ఏ భాషలో ఉన్నా, ప్రయర్ ఆర్ట్‌గా (అప్పటికే లోకానికి తెలిసినదిగా) వచ్చి దీన్ని పడగొడుతుంది. అందుకే మెట్లు కడతారు. మొదటి క్లెయిమ్ విశాలంగా ఉంటుంది. రెండోది, "మొదటి క్లెయిమ్‌లోని సాధనం, అందులో తొడుగు చెక్కది." మూడోది, "రెండో క్లెయిమ్‌లోని సాధనం, అందులో చెరిపే పదార్థం తొడుగులోని గాడిలో ఉంటుంది." నాలుగోది జిగురు. పైమెట్టు కూలినా కింది మెట్టు మీద నిలబడొచ్చు. ఇంకో చిన్న సంగతి: "కలిగిన" అని రాస్తే అవన్నీ ఉండి, ఇంకేమైనా అదనంగా ఉన్నా పరిధిలోకే వస్తుంది. "మాత్రమే కలిగిన" అంటే ఎదుటివాడు ఒక క్లిప్పు తగిలించి బయటపడొచ్చు. ఒక్క మాట ఖరీదు అది.

జిగురు బదులు మేకు కొడితే ఏమిటన్నది ఈక్వివలెంట్స్ సిద్ధాంతం: క్లెయిమ్‌లోని మాటకి సరిపోకపోయినా అదే పని చేసేది ఉల్లంఘన అవుతుందా అన్న ప్రశ్న. అమెరికాలో వార్నర్-జెంకిన్సన్ (1997), బ్రిటన్‌లో యాక్టావిస్ (2017) తీర్పులు రెండూ చదవాలి. అయితే క్లెయిమ్ అక్షరార్థం తేల్చకుండా అక్కడికి పరిగెత్తకూడదు.

లిప్‌మన్ హక్కులు కొనుక్కున్న రెకెండార్ఫర్ దావా వేస్తే, 1875లో అమెరికా సుప్రీంకోర్టు ఆ పేటెంట్లు చెల్లవంది. రెండూ కలిపినా పెన్సిలు పెన్సిలులాగే రాస్తోంది, రబ్బరు రబ్బరులాగే చెరుపుతోంది, కలయిక వల్ల కొత్త ఫలితం ఏదీ పుట్టలేదని కోర్టు చూసింది. ఇక్కడే ఇన్వెంటివ్ స్టెప్ (ఆ రంగం తెలిసినవాడికి తేలిగ్గా తట్టని ముందడుగు) పాఠం మొదలుపెట్టొచ్చు. అదే పెన్సిలును యూరోపియన్ పేటెంట్ ఆఫీసు పద్ధతిలో నడిపించండి. అన్నిటికన్నా దగ్గరి పాత వస్తువు ఏది, దానికీ దీనికీ తేడా ఏమిటి, ఆ తేడా వల్ల ఒరిగిందేమిటి, దాన్నిబట్టి పరిష్కరించిన సమస్య ఏమిటి? చివరికి, ఆ రంగంలో నైపుణ్యమున్న మామూలు మనిషి ఇది చేసి ఉండేవాడా? "చేయగలడా" కాదు, "చేసి ఉండేవాడా". సగం జవాబు పత్రాలు ఈ రెండు క్రియల మధ్యే జారిపోతాయి.

ఇంకా పెద్ద పొరపాటు సమస్యని రాయడంలో ఉంది. "పెన్సిలుకు రబ్బరు ఎలా జోడించాలి?" అని సమస్య రాస్తే జవాబు ప్రశ్నలోనే చెప్పేసినట్టు. అలా అడిగితే ప్రపంచంలో ఏ ఆవిష్కరణైనా తేలికగానే కనిపిస్తుంది. "చెరపాల్సి వచ్చినప్పుడు చెరిపేది చేతికి అందడం లేదు" అని రాయాలి. ఆ తర్వాత బ్రిటన్ వాళ్ల విండ్‌సర్ఫింగ్ (1985), పోజోలి (2007) తీర్పుల మెట్లతో ఒకసారి, అమెరికా కేఎస్ఆర్ (2007) తీర్పు చూపుతో ఒకసారి అదే పెన్సిలుని పరీక్షించండి. ఒకే వస్తువు మీద మూడు పద్ధతులు నడిపితే తేడా ఎక్కడుందో వేళ్లకి తెలుస్తుంది. మూడు కేసుల సారాంశాలు విడివిడిగా బట్టీపడితే తెలియదు.

వెతకడం విషయంలో ఒక మాట. ఎస్పాసెనెట్, పేటెంట్‌స్కోప్ లాంటి పేటెంటు డేటాబేసుల్లో "పెన్సిల్", "ఎరేజర్" అని కొట్టి ఊరుకోకండి. పేటెంటు రాసేవాళ్లు కావాలనే "రాత సాధనం", "చెరిపే అంగం" లాంటి మాటలు వాడతారు. వర్గీకరణ పట్టుకోవాలి. రాత సాధనాలకు వేరే వస్తువులు జతచేసినవన్నీ బి43కె 29 కింద ఉంటాయి. దొరికిన పత్రం నంబరు చివర ఏ1 ఉందో, బి1 ఉందో చూడటం మర్చిపోవద్దు. ఏ1 అంటే ప్రచురితమైన దరఖాస్తు, అడిగినది. బి1 అంటే మంజూరైనది. యూరోపియన్ పత్రాల్లో ఏ2 అంటే సెర్చ్ రిపోర్టు లేకుండా ప్రచురించినది. అమెరికాలో బి2 అంటే ముందు దరఖాస్తుగా ప్రచురితమై తర్వాత మంజూరైన పేటెంటు. ఏ1లోని క్లెయిమ్‌లు చూపించి "వీళ్లకి ఇంత విశాలమైన గుత్తాధిపత్యం ఇచ్చేశారు" అని సెమినార్‌లో ఆవేశపడితే, సూపర్‌వైజర్ అడిగే మొదటి ప్రశ్న "ఇచ్చారా, అడిగారా?"

ఇక తేదీ. ఒక కాగితం మీద గీత గీసుకోండి. 2022 జనవరి 10న మొదటి దరఖాస్తు. పారిస్ ఒప్పందం (1883) ఇచ్చే ప్రయారిటీ (తర్వాత వేరే దేశంలో వేసినా మొదటి తేదీనే లెక్కలోకి తీసుకునే వెసులుబాటు) పేటెంటుకి 12 నెలలు, అంటే 2023 జనవరి 10 లోపు మిగతా దేశాల్లోనో, పీసీటీ (ఒకే దరఖాస్తుతో అనేక దేశాల్లో పేటెంటు కోరే ఒప్పందం) కిందో వేయాలి. డిజైన్లకీ, ట్రేడ్‌మార్కులకీ 6 నెలలే. పరీక్షలో ఇవి తారుమారు చేసేవాళ్లు ఏటా ఉంటారు. ప్రచురణ ప్రయారిటీ నుంచి 18 నెలలకి, 2023 జులై 10 దాటాక. పీసీటీ నుంచి దేశాల గడపలోకి 30 నెలలకి, అంటే 2024 జులై 10. కొన్ని చోట్ల 31 నెలలు. మరి గడువు ఎప్పుడు తీరుతుంది? పీసీటీ దరఖాస్తు 2023 జనవరి 10న వేసి ఉంటే, దాని నుంచి వచ్చిన పేటెంట్లకి 20 ఏళ్లు ఆ రోజు నుంచే: 2043 జనవరి 10. ప్రయారిటీ తేదీ నుంచి కాదు. కొత్తదనం తూచడానికి ప్రయారిటీ తేదీ, కాలపరిమితి లెక్కకి దాఖలు తేదీ. ఈ రెండూ కలిపేస్తే ఒక ఏడాది హక్కు గాలికి పోతుంది.

ఈ గీత మీద దరఖాస్తుకి ముందు ఎక్కడో ఒక చుక్క పెట్టి, "ఇక్కడ శాస్త్రవేత్త సదస్సులో పేపరు చదివాడు" అని రాయండి. అమెరికాలో ఏడాదిలోపు దరఖాస్తు వేస్తే ఆయన పేపరే ఆయనకి అడ్డు రాదు. యూరప్‌లో అడ్డొస్తుంది. అక్కడి 6 నెలల వెసులుబాటు ఎవరో దుర్వినియోగంగా బయటపెట్టినప్పుడూ, కొన్ని గుర్తింపు పొందిన అంతర్జాతీయ ప్రదర్శనలకీ మాత్రమే. పరిశోధకులకి ఈ ముక్క ముందుగా చెప్పేవాళ్లు లేకే చాలా ఆవిష్కరణలు ఒక ఖండంలో బతికి మరో ఖండంలో చస్తాయి.

కాపీరైట్‌లో తేదీ లెక్క తేలిక. రచయిత ఎప్పుడు పోయారో చూసి, మరుసటి జనవరి 1 నుంచి లెక్కపెట్టడమే. బెర్న్ ఒప్పందం కనీసం 50 ఏళ్లు అంటుంది, భారత్ 60, యూరప్ 70. అక్కడ కష్టం మాటల్లోనే. "అంతర్జాతీయ కాపీరైట్ ప్రకారం" అని వాక్యం మొదలుపెడితే ఆ జవాబు అక్కడే తేలిపోతుంది. అలాంటి హక్కు లేదు. ఎక్కడ రక్షణ కోరుతున్నామో ఆ దేశపు చట్టమే. అమెరికా ఫైస్ట్ (1991), కెనడా సీసీహెచ్ (2004), భారత సుప్రీంకోర్టు ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులు వరుసగా చదవండి. చెమటోడ్చితే చాలా, కాస్తంత సృజన కావాలా అన్న వాదం మూడు చోట్ల ఎలా నడిచిందో కనిపిస్తుంది. ఎంత చిన్న ముక్క తీసుకుంటే తప్పు అని అడిగేవాళ్లకి ఇన్ఫోపాక్ (2009) తీర్పు ఉంది. 11 మాటల తునక అయినా అందులో రచయిత సొంత సృజన ఉంటే రక్షణ ఉండొచ్చని యూరప్ కోర్టు చెప్పింది. 11 అన్నది కొలబద్ద కాదు. అక్కడ డేటా క్యాప్చర్ చేసిన సంస్థ వార్తల్లోంచి తీసి అచ్చు వేసుకున్న తునక పొడవు అది.

ట్రేడ్‌మార్కుకి ఎక్కువ పేజీలు ఇవ్వను. అది చదువుతుంటే దానంతట అదే ఎక్కుతుంది. నైస్ వర్గీకరణలో 45 తరగతులు, 34 వస్తువులకి, 11 సేవలకి. తరగతి శీర్షిక రాసేస్తే అందులోని సమస్తం వచ్చేస్తుందనుకోవడం పాత అలవాటు. 2012లో ఐపీ ట్రాన్స్‌లేటర్ కేసు దాన్ని వదిలించింది: ఏ వస్తువులకి, ఏ సేవలకి కావాలో స్పష్టంగా రాయాలి. ఇక్కడా మాటే.

ఎక్కువమంది దాటేసేది యాజమాన్యం. హక్కు ఉందా, ఎవరిది, ఉల్లంఘన జరిగిందా, మినహాయింపు ఉందా, పరిహారం ఏమిటి అన్న వరుసలో రెండోదాన్ని ఒక వాక్యంతో సరిపెడతారు. స్టాన్‌ఫర్డ్, రోష్ వివాదం చదివితే ఆ ధైర్యం ఉండదు. విశ్వవిద్యాలయంతో పరిశోధకుడి ఒప్పందంలో "బదిలీ చేయడానికి అంగీకరిస్తున్నాను" అని ఉంది. ఆయన పని నేర్చుకోవడానికి వెళ్లిన కంపెనీ ముందు పెట్టిన కాగితంలో "ఇందుమూలంగా బదిలీ చేస్తున్నాను" అన్న అర్థం ఉంది. మొదటిది భవిష్యత్తుకి మాట ఇవ్వడం, రెండోది అప్పటికప్పుడు ఇచ్చేయడం. తర్వాతి కాగితమే ముందు నిలిచింది. 2011లో అమెరికా సుప్రీంకోర్టు, ప్రభుత్వ నిధులతో జరిగినంత మాత్రాన హక్కు తనంతట తాను విశ్వవిద్యాలయానికి రాదంది. సేల్‌డీడ్లు చదివిన అలవాటున్నవాళ్లకి ఈ తేడా వెంటనే తడుతుంది. వాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి.

డిసర్టేషన్‌కి "కృత్రిమ మేధ – కాపీరైట్" అని పేరు పెట్టి వచ్చేవాళ్లని ఆపడం కష్టం. అది అంశం కాదు, బీరువా. ప్రశ్న ఒక్క వాక్యంలో, ప్రశ్నార్థకంతో ముగిసేలా రాయగలిగితేనే అది అంశం. ఉదాహరణకి భారత సుప్రీంకోర్టు నోవార్టిస్ తీర్పు (2013 ఏప్రిల్ 1). పేటెంట్ చట్టం సెక్షన్ 3(డి) (తెలిసిన పదార్థపు కొత్త రూపానికి సామర్థ్యం పెరిగితేనే పేటెంటు) గురించి దాన్ని ఉటంకించనివాళ్లు లేరు, ఆఖరి పేజీల దాకా చదివినవాళ్లు తక్కువ. మందు ధర ఎక్కువని పేటెంటు నిరాకరించారని రాస్తారు. తీర్పుకి ఆధారం అది కాదు. కంపెనీ చూపించిన 30 శాతం బయో అవైలబిలిటీ (మందు ఒంటికి అందే పాలు) పెరుగుదల దేనితో పోలిస్తే? ఆ మందు మూలరూపమైన ఇమాటినిబ్ ఫ్రీ బేస్‌తో. కోర్టు దృష్టిలో పోల్చాల్సిన తెలిసిన పదార్థం దాని లవణమైన ఇమాటినిబ్ మెసిలేట్. బయో అవైలబిలిటీ పెరిగితే ఎప్పుడూ చాలదని కూడా కోర్టు అనలేదు. చికిత్సా సామర్థ్యం పెరిగిందని ఆధారాలతో చూపాలంది. "ఎలాంటి ఆధారాలు ఇస్తే చాలుతుంది?" అన్నది డిసర్టేషన్‌కి సరిపడే ప్రశ్న. తర్వాతి పేటెంట్ ఆఫీసు ఉత్తర్వులు తీసి, ఒక్కో దాంట్లో దేన్ని దేనితో పోల్చారో పట్టిక వేస్తే సగం అధ్యాయం అక్కడే ఉంది.

సమర్పించే ముందు వారం కొత్త ఆలోచనలు చేర్చొద్దు, ఫుట్‌నోట్లు తిరగేయండి. ప్రతి చట్టం పక్కన ఏ తేదీ నాటి పాఠమో రాయండి. జపాన్‌లో గ్రేస్ పీరియడ్ (ఆవిష్కరణను బయటపెట్టాక కూడా దరఖాస్తు వేసుకోగల వెసులుబాటు) ఏడాది అయింది 2018 జూన్ 9 నుంచి. అంతకుముందు 6 నెలలే. లైబ్రరీలోని పాత పుస్తకంలో 6 అనే ఉంటుంది. ఆ పుస్తకం తప్పు రాయలేదు, అచ్చయిన నాటికి అదే నిజం. దాన్ని చూసి మీరు రాసిన ఫుట్‌నోటే తప్పవుతుంది.