మాట్లాడే టాబ్లెట్‌లో తెలుగు

మా వాడికి ఆటిజం. బటన్ నొక్కితే మాట పలికే టాబ్లెట్‌తో మాట్లాడతాడు. వీడియో కాల్‌లో అమ్మమ్మ కనబడగానే దాన్ని పక్కకు తోసేస్తున్నాడు. అందులో ఉన్నదంతా ఇంగ్లీషు. బడిలో సరిపోతుంది, గుంటూరులో ఉన్న అమ్మమ్మతో ఏం చెప్పుకుంటాడు?

ఇక్కడ అమెరికాలో చాలామంది వాడే ప్రోలోక్వో టు గో అనే యాప్‌లో తెలుగు లేదు. చెన్నైలో పుట్టిన ఆవాజ్ యాప్‌లో ఉంది. కానీ బడికొక యాప్, ఇంటికొక యాప్ అంటే బటన్ల చోట్లు మారిపోతాయి. చూడకుండా టైపు చేసే మనలాగే, ఈ పిల్లల వేలికీ చోటే గుర్తు. అందుకే ముందు బ్యాకప్ తీసుకుని, ఉన్న యాప్‌లోనే తెలుగు పేజీ చేర్చడం మేలు. ఇంగ్లీషు పేజీలో ‘మోర్’ ఉన్న గడిలోనే ‘ఇంకా’ ఉండాలి.

మొదట ఇంకా, వద్దు, చాలు, ఇవ్వు, రా, చూడు, ఏంటి, నొప్పి, అమ్మమ్మ అన్న మాటలు సరిపోతాయి. తిండి పేర్లతో నింపితే అడగడం ఒక్కటే వస్తుంది, కబుర్లు రావు. క్రియలకు మాత్రం తింటాను, తినను, తిన్నాను అని విడివిడి బటన్లు పెట్టక తప్పదు.

యాప్‌లోని ఇంగ్లీషు గొంతు తెలుగును ఖూనీ చేస్తుంది కాబట్టి మాటలు రికార్డు చేయాలి. ఫ్యాను ఆపేసి, ఫైలుకు ఒక్క మాటే. మొదట్లో ఉన్న నిశ్శబ్దాన్ని కత్తిరించాలి. లేకపోతే నొక్కిన వెంటనే పలకదు, పిల్లవాడు మళ్లీ మళ్లీ నొక్కుతాడు.

ఆ తర్వాత నొక్కాల్సింది మనమే. మాట్లాడుతూ ‘చూడు’ నొక్కి, పది సెకన్లు ఆగాలి. ‘చెప్పు నాన్నా, చెప్పు’ అని వెంటపడకూడదు. వాడు ‘వద్దు’ నొక్కితే ముద్ద ఆపాలి. మందు దగ్గర ఆపలేం, కనీసం ‘వద్దన్నావు, విన్నాను’ అని చెప్పి వేయాలి.

టాబ్లెట్ బడిదైతే, ఇంటికి పంపాలని ఐఈపీలో, అంటే పిల్లవాడి కోసం బడి బృందం విడిగా రాసే చదువు ప్రణాళికలో, రాయించుకోండి. అవసరమని ఆ బృందం నిర్ణయిస్తే ఇంట్లోనూ వాడనివ్వాలని వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం అమెరికాలో ఉన్న ఐడియా చట్టం చెబుతోంది.

రెండు భాషలైతే తికమక పడతాడని చాలామంది భయపెడతారు. ఇంట్లో రెండు భాషలు వినడం ఆటిజం పిల్లల మాటకు అడ్డమని పరిశోధనల్లో తేలలేదు. అయినా ఈ తెలుగు పట్టుదల వాడిదా, నాదా అన్న అనుమానం నన్ను వదలదు. పైగా రికార్డింగ్ నా గొంతులో ఉంటే, వాడు అమ్మమ్మతో అమ్మ గొంతుతో మాట్లాడాలి. వాడి ఈడు పిల్లవాడితో చెప్పిస్తే నయమే, కానీ అదీ ఇంకొకరి గొంతే కదా. రెండూ పక్కపక్కన పెట్టి వాణ్నే ఎంచుకోనివ్వాలనుకుంటున్నాను.