ఓటరు ఎవరో తేలకముందే ఓటు అడిగితే

పసిఫిక్ సముద్రంలో ఫ్రాన్స్ పాలనలో ఉన్న న్యూ కాలెడోనియా గురించి మా విశాఖలో మాట్లాడుకునేవారు అరుదే కానీ, స్వాతంత్ర్యంపై ఓటు ఎవరిదన్న ఆ దీవి తగవు మనకు బొత్తిగా తెలియనిదేమీ కాదు. ముల్కీ నిబంధనలు, జై ఆంధ్ర ఉద్యమం, ఆపైన వచ్చిన 371-డి అధికరణం, ఉద్యోగ ప్రకటన వెలువడినప్పుడల్లా స్థానికత ధ్రువపత్రం కోసం జరిగే పరుగులు చూసినవారికి, ఎన్నేళ్లుంటే ఒక నేల మనదవుతుందన్న ప్రశ్న ఎంత చేదెక్కుతుందో తెలుసు. మన దగ్గర దాని మీద ఉద్యోగాలు, సీట్లు ఆధారపడ్డాయి. అక్కడ దేశమే ఆధారపడింది.

ఫ్రాన్స్ 1853లో ఆ దీవిని స్వాధీనం చేసుకుని, 1864 నుంచి ఖైదీలను తరలించింది. పారిస్ కమ్యూన్ తిరుగుబాటుదారులూ, అల్జీరియాలో ఎదురుతిరిగినవారూ అక్కడికే చేరారు. మూలవాసులైన కనాకుల భూములు వలసదారుల పాలయ్యాయి. 1878లో అతాయి నాయకత్వాన తిరగబడినవారిని సైన్యం అణచివేసింది. ఇవన్నీ ఏ వలస చరిత్రలోనైనా కనిపించేవే. నన్ను నిలబెట్టేసింది మాత్రం 1972 నాటి ఒక లేఖ. ఫ్రెంచి పౌరులను భారీగా అక్కడికి తరలిస్తేనే మూలవాసుల జాతీయవాదాన్ని నిలువరించగలమని ప్రధాని పియర్ మెస్మెర్ అందులో రాశారు. జనాభా లెక్కలనే ఆయుధంగా వాడదలచిన పాలకులు, తర్వాత అదే జనాభాను ఓటు అడిగి ప్రజాస్వామ్యమనడం నాకు మింగుడుపడదు.

అందుకే రాజధాని నూమేయా పేరిట 1998లో ఫ్రాన్స్‌తో కుదిరిన ఒప్పందంలో, కొత్తగా వచ్చినవారిని మినహాయించే ఓటర్ల జాబితా కోసం కనాకులు అంతగా పట్టుబట్టారు. ఆ ఒప్పందం ప్రకారమే స్వాతంత్ర్యంపై ప్రజల ఓటు అడిగారు. 2018లో 56.7 శాతం, 2020లో 53.3 శాతం స్వాతంత్ర్యం వద్దన్నారు. కోవిడ్ మరణాల శోకంలో ఉన్నామని, వాయిదా వేయమని కనాకులు కోరినా వినక 2021 డిసెంబరులో మూడోసారి ఓటు పెడితే, వారు బహిష్కరించారు, 96.5 శాతం వద్దన్నారు, కానీ పోలైంది 43.9 శాతమే. 2024లో పదేళ్లుగా నివసిస్తున్నవారికి ప్రాంతీయ ఎన్నికల్లో ఓటు కల్పించే సవరణ పార్లమెంటుకు రాగానే నూమేయా తగలబడింది, 14 మంది చనిపోయారు.

పక్కనే ఉన్న మన యానాంకు ఈ చిక్కు లేదు. ఇక్కడి ఫ్రెంచి భూభాగాలను భారత్‌లో విలీనం చేయడం మీద 1954లో పుదుచ్చేరిలోని కీళూరులో 178 మంది ప్రతినిధులే ఓటేయగా 170 మంది ఔనన్నారు. స్థానికుడెవరని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఫ్రెంచివారు పిడికెడు మందే. న్యూ కాలెడోనియాలో తరతరాలుగా పుట్టి పెరిగిన కాల్డోషులకు, అంటే ఐరోపా వలసదారుల వారసులకు, మరో ఊరు లేదు. వారి ఓటును కాదనడం కూడా అన్యాయమే. 2019 లెక్కల ప్రకారం దీవి జనాభాలో కనాకులు దాదాపు 41 శాతమే.

2025 జులైలో పారిస్ దగ్గరి బూజివాల్‌లో కుదిరిన ఒప్పందం ఫ్రాన్స్ లోపలే న్యూ కాలెడోనియా రాజ్యాన్ని ప్రతిపాదించింది. స్వాతంత్ర్య కూటమి ఎఫ్‌ఎల్‌ఎన్‌కేఎస్ ఆగస్టులోనే దాన్ని తిరస్కరించింది. ఓటర్ల జాబితా మీద నమ్మకం కుదరనిదే ఏ ఒప్పందం మీదా సంతకాలు నిలవవని నా అభిప్రాయం.