బోరు నీళ్లలో నైట్రేట్ కొలిచిన నా అనుభవం

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మా ఊరి బోరు నీళ్లలో, పాలకూరలో నైట్రేట్ ఎంతుందో కొలిచాను. వాడింది అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్, అంటే ద్రావణంలో ఒక రకం అయాన్ ఎంతుందో వోల్టేజీగా చూపే కడ్డీ. దాని చివర పలుచని పీవీసీ పొర ఉంటుంది. అందులోని క్వాటర్నరీ అమ్మోనియం లవణం నైట్రేట్‌నే ఎక్కువగా పట్టుకుంటుంది. నైట్రేట్ పెరిగేకొద్దీ మీటర్‌లో మిల్లీవోల్టులు తగ్గుతాయి. గాఢత పదింతలైతే 25 డిగ్రీల దగ్గర సుమారు 59 మిల్లీవోల్టులు తగ్గాలి.

కొలిచే ముందు ఎలక్ట్రోడ్‌ను పలుచని నైట్రేట్ ద్రావణంలో నానబెట్టేదాన్ని. తర్వాత, పోల్చి చూసుకోవడానికి, గాఢత ముందే తెలిసిన లీటరుకు 1, 10, 100 మిల్లీగ్రాముల స్టాండర్డ్‌లు, తక్కువ నుంచి ఎక్కువకు. స్టాండర్డ్ అయినా శాంపిల్ అయినా అన్నిటిలో మొత్తం అయాన్ల బలం ఒకేలా ఉండేందుకు 100 మి.లీ.కి 2 మి.లీ. అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం కలపాల్సిందే. ఒక్క మిల్లీవోల్టు తేడా వస్తే ఫలితం దాదాపు 4 శాతం మారుతుంది. అందుకే అంకె కదలకుండా నిలిచేదాకా ఆగాలి. ఆ ఓపికే ఈ పనిలో సగం.

నాకు అసలు టెన్షన్ పెట్టింది క్లోరైడ్. మా ఊళ్లో కొన్ని బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి. క్లోరైడ్ మరీ ఎక్కువైతే ఈ పొర దాన్నీ నైట్రేట్ లెక్కలో వేసేస్తుంది. సిల్వర్ సల్ఫేట్ కలిపితే క్లోరైడ్ తెల్లగా విరిగి అడుగుకు దిగుతుంది. అది ఖరీదైన మందు, కొలిచి కొలిచి వాడాం. ఆపైన అదే శాంపిల్‌లో తెలిసినంత నైట్రేట్ కలిపి, ఆ కలిపినదంతా మీటర్‌లో కనబడుతోందా అని చూశాను. కనబడ్డాకే నా అంకెల మీద నాకు నమ్మకం కుదిరింది.

పాలకూరను రుబ్బి, అల్యూమినియం సల్ఫేట్ ద్రావణంలో బాగా కుదిపి, వడగట్టి కొలిచాను. ఆకుల కంటే కాడల్లోనే ఎక్కువ వచ్చింది.

ఒక ఇంటి బోరులో లీటరుకు 12 మిల్లీగ్రాములు వచ్చింది. చూడ్డానికి చిన్న అంకే. కానీ మా స్టాండర్డ్‌లు నైట్రేట్‌లోని నైట్రోజన్ లెక్కలో ఉన్నాయి. నైట్రేట్ బరువు అందులోని నైట్రోజన్ బరువుకు 4.43 రెట్లు, కాబట్టి గుణిస్తే నైట్రేట్ 53. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 చెప్పే నైట్రేట్ హద్దు 45. రిపోర్టులో ఏ లెక్కో రాయకపోతే ఆ నీళ్లు మంచివనే అనుకుంటారు!

ఆ ఇంట్లో నెలల పాప ఉంది. "కాచి తాగిస్తే సరిపోతుందా అమ్మా?" అని అడిగింది వాళ్ల నాయనమ్మ. కాస్తే నైట్రేట్ పోదు, నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆరు నెలల లోపు పిల్లల్లో అది నైట్రైట్‌గా మారి, రక్తం ఆక్సిజన్ మోయకుండా అడ్డుపడగలదు. "కాచినా వద్దు పెద్దమ్మా, పాలపొడి ఆర్వో నీళ్లలోనే కలపండి" అని చెప్పి, రిపోర్టు కాపీ ఒకటి ఆమెకు ఇచ్చాను.