మళ్లీ ‘మీరు’ అన్న రోజు

ఆ ఉదయం నోరు పుక్కిలిస్తే నీళ్లు కుడి మూలనుంచి కారిపోయాయి. బ్రష్షు చేతిలోంచి జారింది. వంగి తీసుకోబోతే కుడికాలు నిలవలేదు. అప్పటికి నాకు 34 ఏళ్లు. బీపీ లేదు, షుగరు లేదు. నా మూతి చూడగానే నా భార్య పక్కింటివాళ్ల కారులో స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లింది. అది పక్షవాతం. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. మేము రెండు గంటలలోపే చేరాం. మెడలోని రక్తనాళం లోపలి పొర చిరిగి, అక్కడ కట్టిన గడ్డ మెదడు ఎడమవైపుకు వెళ్లిందన్నారు. చిన్న వయసులో పక్షవాతం రావడానికి ఇదొక ముఖ్య కారణమట.

ప్రాణం దక్కింది. కుడిచేయి పడిపోయింది, మాట పోయింది.

మాట పోవడమంటే గొంతు పోవడం కాదు. కాఫీ అనబోతే ‘చెప్పు’ అని వచ్చేది. నా భార్య పేరు నాలుక మీదికి వచ్చి ఆగిపోయేది. రెండో ఎక్కం మాత్రం గడగడా అప్పజెప్పేవాణ్ణి! వల్లెవేసినవి కొన్ని అలా మిగిలిపోతాయని స్పీచ్ థెరపిస్టు చెప్పేదాకా బంధువులకు నా మీద అనుమానమే.

నా భార్య అన్నం కలిపి ముద్దలు పెట్టింది, చొక్కా గుండీలు పెట్టింది. సాయంత్రాలు ముడుచుకుపోయిన నా వేళ్లను ఒక్కొక్కటే విప్పి చాపేది. నా చేయి అంతసేపు ఆమె చేతుల్లో ఉన్నా, చేయి పట్టుకున్నట్టు ఇద్దరికీ అనిపించేది కాదు. పెళ్లయిన ఆరేళ్లూ ‘ఏమండీ, మీరు’ అన్న మనిషి తనకు తెలియకుండానే ‘నువ్వు’లోకి వచ్చేసింది. “ఇంకొక్క ముద్ద. నోరు తెరువు.” మా బాబుతో మాట్లాడే గొంతది. అందులో ఎంత ప్రేమ ఉందో నాకు తెలుసు. అయినా గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. ఎందుకో చెప్పడానికి మాట లేదు.

“ఆయన మాట మీరు పూర్తి చేయకండి. మనసులో పది లెక్కపెట్టండి” అని థెరపిస్టు ఆమెకు చెప్పారు. ఆ పది అంకెలే అన్నిటికన్నా కష్టమయ్యాయని తర్వాత నాతో అంది. చూసేవాళ్లకు అది కఠినంగా కనిపిస్తుంది. నాకు ఆమె చేసిన మేళ్లలో దాన్నే ముందు చెబుతాను.

ఎనిమిదో నెలలో ఒకరోజు ఎవరికీ చెప్పకుండా, ఫోను కూడా తీసుకోకుండా, వీధి చివరి దుకాణానికి వెళ్లి పెరుగు తెచ్చాను. ఆమె గేటు దగ్గరే ఎదురైంది. ఒళ్లంతా వణుకుతోంది.

“మీకు బుద్ధుందా అండీ? ఎక్కడ పడిపోయారో అనుకున్నాను!”

‘మీరు’ అంది. కోపంలో అంది.

ఆ పూటంతా మాటల్లేవు. రాత్రి నా కంచం దగ్గరికి గిన్నె తెచ్చి, “పెరుగు వేసుకుంటారా?” అని అడిగింది. పుల్లగా ఉందని చెప్పాలనుకున్నాను. ‘పు’ దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. ఆమె గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది.