నాన్న చెవులు, ఒక పాత కాగితం

నాన్న సైన్యంలో ఫిరంగుల పక్కనే పనిచేశారు. వినికిడి తగ్గితే ఇన్నాళ్లూ వయసు వల్లే అనుకున్నాం. సర్వీసు వల్ల వచ్చిన లోపమైతే వైకల్య పెన్షన్ అడగొచ్చని మొన్న ఆయన పాత స్నేహితుడు చెప్పాకే తెలిసింది. ఇలాంటివి మనం అడగాలి తప్ప ఎవరూ పిలిచి ఇవ్వరు.

డిశ్చార్జి పత్రం ట్రంకుపెట్టెలో దొరికింది. కానీ చేరినప్పుడు చెవులు బాగున్నాయనీ, బయటికొచ్చేనాటికి దెబ్బతిన్నాయనీ చూపించే వైద్య రికార్డు కూడా కావాలట. అక్కడే టెన్షన్ మొదలైంది. తోటివాళ్లు నవ్వుతారని ఆయన చెవి గురించి ఒక్కసారీ డాక్టరుకి చెప్పలేదు మరి! చివరికి రిటైరయ్యేటప్పుడు చేసిన పరీక్ష కాగితం బయటపడింది. నిన్న దరఖాస్తు ఇచ్చాం.

నాన్నకి పెన్షన్ మీద ధ్యాసే లేదు. "చెవి మిషన్ ఇస్తారా?" అని రెండుసార్లు అడిగారు. అడిగి చూద్దామని గట్టిగా అరిచి చెప్పాను.