మూసేసిన కాలిబాట కోసం ఎనిమిదేళ్లు: నా అనుభవం

మంగళవారం పోస్టులో ఉత్తరం వచ్చింది. ఇంగ్లండ్‌లో మా ఇళ్ల వెనక నుంచి గోధుమ చేల మధ్యగా ఏటి ఒడ్డుకి వెళ్లే కాలిబాట ప్రజలదేనని తేల్చారు. 2017 మార్చిలో దాని గేటుకి తాళం పడింది. ఉత్తరం రెండుసార్లు చదివి, ఆ రోజు హాస్పిటల్ డ్యూటీకి ఆలస్యంగా వెళ్లాను.

ఇంగ్లండ్‌లో పొలాల్లో, కొండల్లో నడిచే హక్కు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందల మంది హేఫీల్డ్ నుంచి బయల్దేరి కిండర్ స్కౌట్ కొండ ఎక్కారు. పక్షుల వేట కోసం యజమానులు మూసి ఉంచిన కొండ అది. ఐదుగురిని జైల్లో పెట్టారు. ముందుండి నడిపించిన బెన్నీ రోత్‌మన్‌కి అప్పటికి 20 ఏళ్లు, నాలుగు నెలల శిక్ష పడింది. 1949లో చట్టం వచ్చింది, దారులన్నీ మ్యాపుల్లోకి ఎక్కించమని కౌంటీ కౌన్సిళ్లకి, అంటే జిల్లా పాలక మండళ్లకి, చెప్పింది. దాన్నే డెఫినిటివ్ మ్యాప్ అంటారు. 2000లో వచ్చిన చట్టం కొండల మీద, బీడు భూముల్లో స్వేచ్ఛగా తిరగనిచ్చింది గానీ, సాగుభూమికి అది వర్తించదు. చేల మధ్య దారి ఆ మ్యాపులో ఉండాలి. మాది లేదు.

లేని దారిని మ్యాపులోకి ఎక్కించడానికి ఒక మార్గం ఉంది. తాళం పడిన రోజు నుంచి వెనక్కి 20 ఏళ్లు జనం ఆ దారిలో నడిచారని చూపించాలి. బలవంతంగా కాకుండా, దొంగచాటుగా కాకుండా, ఎవరి అనుమతీ తీసుకోకుండా నడిచి ఉండాలి. ఒక్కొక్కరూ 20 ఏళ్లు నడవక్కర్లేదు, అందరి నడకా కలిపి ఆ కాలమంతా నిండితే చాలు. నేను 1999 నుంచి నడిచాను. 34 మందిమి ఫారాలు నింపాం, ఎవరి మ్యాపు మీద వాళ్లే దారి గీసి సంతకం పెట్టాం. యజమానికి నోటీసు ఇచ్చి, ఇచ్చినట్టు కౌన్సిల్‌కి సర్టిఫికెట్ పంపాం. ఇదంతా రెండు నెలల పని.

ఆ సర్టిఫికెట్ అందిన 12 నెలల్లో కౌన్సిల్ తేల్చకపోతే, తేల్చమని ఆదేశించాలంటూ పైకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ సంగతి కౌన్సిల్ ఆఫీసర్ మాకు చెప్పలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా "మీ ఫైలు వరసలో ఉంది" అనేవాడు. నమ్మి రెండేళ్లు పోగొట్టుకున్నాం. దయచేసి మీరు ఒక్క రోజు కూడా ఎక్కువ ఆగకండి.

ఆ ఆఫీసర్ మీద నాకు అంతకన్నా పెద్ద కోపం ఇంకోటుంది.

2008లో మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి మూడు నెలలు ఉన్నారు. రోజూ సాయంత్రం పంచెకట్టుతోనే, పైన నా కోటు వేసుకుని ఆ దారిలో నడిచేవారు. మొదటి రోజు గేటు దగ్గర ఆగిపోయారు. "ఇది డొంకా, ఒకరి చేను గట్టా?" అని అడిగారు. డొంక అయితే ఎవరినీ అడగక్కర్లేదు, గట్టయితే ఆసామికి ఒక మాట చెప్పి నడవాలన్నది ఆయన పద్ధతి. ట్రాక్టర్ మీద అప్పటి యజమాని, పాత రైతు కనిపిస్తే వెళ్లి అడిగి రమ్మని పట్టుబట్టారు. వెళ్లి అడిగాను. ఆ పెద్దాయన ఆశ్చర్యపోయి, "ఇది దారే కదమ్మా, నన్నెందుకు అడుగుతున్నావు?" అన్నాడు. నాన్నగారికి చెబితే "అయితే డొంకే" అని ముందుకి నడిచారు.

ఫారంలో 'ఎప్పుడైనా అనుమతి అడిగారా?' అని ఒక ప్రశ్న ఉంది. నిజమే కాబట్టి అవునని రాశాను. రైతు ఏమన్నాడో విడి కాగితం మీద రాసి జత చేయబోతే, ఆఫీసర్ వద్దన్నాడు. గడిలో పట్టినంతే రాయమన్నాడు. తర్వాత రిపోర్టులో నా ఫారాన్ని 'అనుమతి కోరినవారు' అని పక్కన పెట్టేశారు. పద్దెనిమిదేళ్ల నడక లెక్కలోకి రాకుండా పోయింది.

2022లో దారిని మ్యాపులోకి ఎక్కించమని కౌన్సిల్ ఆర్డర్ వేసింది, కొత్త యజమాని అభ్యంతరం చెప్పాడు, ఈ ఏడాది వసంతంలో ఊరి హాల్లో పబ్లిక్ ఎంక్వైరీ పెట్టారు. సాక్షిగా కూర్చున్నాను. యజమాని తరఫు బారిస్టర్ మొదట 2001 గురించి అడిగాడు. ఆ ఏడాది పశువుల గాలికుంటు వ్యాధి వల్ల దేశమంతటా దారులు మూసేశారు, మేమూ నడవలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తర్వాత నా ఫారం పైకెత్తి చూపించాడు.

"ఇది దారి కాదని మీకు తెలుసు కాబట్టే అడిగారు, అవునా?"

రైతు అన్న మాట చెప్పాను. ఇన్నేళ్లూ ఏ కాగితంలోనూ లేని మాట ఇవాళే ఎలా గుర్తొచ్చిందని అడిగాడు. ఆ రైతు చనిపోయాడు కదా అన్నాడు. మీ నాన్నగారు కూడా లేరు కదా అన్నాడు. హాల్లో నా పేషెంట్లు ఉన్నారు, మా అమ్మాయి స్కూల్ టీచర్ ఉంది. నేను అబద్ధమాడుతున్నానని నోటితో అనకుండానే, అలా అనిపించేలా ప్రశ్నలు పేర్చుకుంటూ వెళ్లాడు. గొంతు పూడుకుపోయింది. ఇరవై ఆరేళ్లుగా ఈ దేశంలో వైద్యం చేస్తున్నాను, నా మాట మీద ఎవరూ ఇలా అనుమానపడలేదు. మా నాన్నగారి మర్యాదని తీసుకొచ్చి ఆయన నడిచిన దారి మూయడానికే వాడుతుంటే లేచి వచ్చేయాలనిపించింది.

అప్పుడు ఇన్‌స్పెక్టర్, అంటే ఎంక్వైరీ నడిపే అధికారి, రెండే ప్రశ్నలు అడిగారు. 2008కి ముందు ఎవరినైనా అడిగారా? లేదన్నాను. తర్వాత? లేదన్నాను. రాసుకున్నారు. మధ్యాహ్నం 81 ఏళ్ల ఒక పక్కింటావిడ సాక్ష్యం చెబుతూ, తను కూడా ఓసారి ఆ దారిలో నడుస్తున్నందుకు క్షమించమంటే ఆ రైతు తనతోనూ అదే మాట అన్నాడని చెప్పింది. ఆవిడకీ నాకూ ఆ సంగతి గురించి ఎప్పుడూ మాటలు జరగలేదు.

నిర్ణయంలో ఆ రైతు మాటకి ఒక పేరా కేటాయించారు. భూమి యజమానే దాన్ని దారిగా ఒప్పుకున్నట్టు అది చూపుతోందని రాశారు.

కాబట్టి ఫారం నింపేటప్పుడు ఎవరు ఏమన్నారో పూర్తిగా రాయండి, గడి చాలకపోతే కాగితం జత చేయండి, ఎవరు వద్దన్నా వినకండి. తేదీలున్న ఫోటోలు వెతకండి. పెద్దవాళ్ల చేత ముందు సంతకాలు పెట్టించండి, మా 34 మందిలో ఆరుగురు ఎంక్వైరీ దాకా బతికి లేరు.

నిన్న సాయంత్రం వెళ్లి చూశాను. తాళం తీశారు, బోర్డు ఇంకా పెట్టలేదు. గోధుమ మోకాలెత్తు ఉంది, మధ్యలో దారి పూర్తిగా పూడిపోయింది. అటు చివర ఏటి దాకా నడిచి, వచ్చిన దారినే తిరిగొచ్చాను.